సున్నా సెకన్ల వరద పటం

జావా వేగమా, నేటివ్ కోడ్ వేగమా అన్న ప్రశ్న మా సంస్థలోకి ఒక శాలువాతో పాటు వచ్చింది. మా డైరెక్టరు హయగ్రీవం గారు ఎక్కడో సదస్సుకు వెళ్ళి, కప్పిన శాలువా ఒకటి, ఇచ్చిన జ్ఞాపిక ఒకటి, విన్న మాట ఒకటి పట్టుకొచ్చారు. శాలువా ఇంటికి వెళ్ళింది. జ్ఞాపిక అద్దాల బీరువాలోకి వెళ్ళింది. మాట మా నెత్తిన పడింది. ఆ మాట 'బెంచ్‌మార్క్', అంటే ప్రోగ్రాముల వేగానికి పెట్టే పరీక్ష.

మాది ఉపగ్రహ ఛాయాచిత్ర సద్వినియోగ సంస్థ. పైనుంచి ఉపగ్రహాలు తీసి పంపే బొమ్మల్లో పైరెక్కడుంది, చెరువెక్కడుంది, వరదనీరు ఎక్కడిదాకా వచ్చింది అని కంప్యూటరు చేత చుక్క చుక్కా వెతికించి, పటాలు చేసి జిల్లాలకు పంపాలి. అదే పని. ఈ పని చేసే ప్రోగ్రాములు మా దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి జావా అనే కంప్యూటరు భాషలో రాసింది. రెండోది సీ ప్లస్ ప్లస్‌లో రాసి, యంత్రానికి నేరుగా అర్థమయ్యే రూపంలోకి ముందే మార్చి పెట్టుకున్నది. దాన్నే నేటివ్ అంటారు. రెండూ ఒకే పటం ఇస్తాయి. అందుకని ఇద్దరు విభాగాధిపతులు ఉన్నారు. జావాకు విశ్వరూపం గారు, నేటివ్‌కు భుజంగరావు గారు. ఇద్దరి గదుల మధ్య పలచటి చెక్కగోడ, దానికి అటూ ఇటూ ఇరవయ్యేళ్ళ మౌనం.

నేను ఒప్పంద ఉద్యోగిని. పేరు దయామణి. మా వంశంలో డిగ్రీ గడప తొక్కినవాళ్ళలో నేనే మొదటిదాన్ని కాబట్టి, పెద్ద చదువులు చదివినవాళ్ళు చెప్పిన మాటలో అర్థం కనపడకపోతే లోపం నాదేనని నమ్మేదాన్ని. ఈ నమ్మకం వల్లే నన్ను 'వేగ నిర్ధారణ సంఘా'నికి కన్వీనర్ని చేశారు. కన్వీనరంటే టీలు చెప్పడం, మినిట్స్ రాయడం, ప్రోగ్రాములు నడపడం. ఏ భాష నెగ్గితే ఆ భాషే ఇకమీదట సంస్థ భాష. ఓడిన విభాగం నెగ్గినవారిలో కలిసిపోవాలి. అధ్యక్షులు డైరెక్టరు గారే.

మొదటి సమావేశంలో నేను అమాయకంగా రెండు ప్రోగ్రాములూ చెరోసారి నడిపాను. జావాకు తొమ్మిది నిమిషాలు పట్టింది. నేటివ్‌కు ఆరు. టీ ఇంకా రాలేదు, ఫలితం వచ్చేసింది. ఇంత త్వరగా తేలడం సంఘానికి అవమానంగా తోచింది.

"అభ్యంతరం" అన్నారు విశ్వరూపం గారు. "జావా వచ్చీరాగానే పరుగెత్తదండీ. మొదట చుట్టూ చూసుకుంటుంది. ఏ పని మళ్ళీ మళ్ళీ తగులుతోందో గమనించి, ఆ భాగాన్ని అక్కడికక్కడే యంత్రభాషలోకి మార్చుకుని అప్పుడు అందుకుంటుంది. కొత్త కోడల్ని కాలు పెట్టిన రోజే వంటింట్లోకి తోసి, ఉప్పు డబ్బా వెతుక్కున్న టైమంతా లెక్కేస్తే ఎలాగండీ?"

"మా కోడలు అన్నీ నేర్చుకునే వచ్చింది. అది కూడా మా తప్పేనా?" అన్నారు భుజంగరావు గారు.

"పుట్టింట్లో ఎంతసేపు నేర్చుకుందో ఆ లెక్క కూడా చెప్పమనండి మరి!"

"నేర్పుకునే ఓపిక మాకుంది. వచ్చాక నేర్చుకుంటానంటే అత్తారింటి వాళ్ళు ఆకలితో కూర్చోవాలా?"

డైరెక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తీశారంటే తీర్పు వస్తోందని అర్థం.

"ఉభయ పక్షముల వాదనలూ సమంజసముగనే గోచరించుచున్నవి. సహజ న్యాయ సూత్రములను అనుసరించి, ఒక పక్షమునకు లేని సౌకర్యము వేరొక పక్షమునకు ఉండరాదు. జావాకు సన్నాహక కాలము మంజూరు చేయడమైనది. నేటివ్‌కును అంతే కాలము మంజూరు చేయడమైనది."

"మాకక్కర్లేదండీ."

"అక్కరలేకపోయినా తీసుకొనవలెను. సమానత్వము ఐచ్ఛికము కాదు."

అలా నేటివ్ ప్రోగ్రాము తనకు అవసరం లేని వార్మప్ చేయడం మొదలుపెట్టింది. వ్యాయామోపాధ్యాయుడి పక్కన నిలబెట్టిన వస్తాదులా ఊరికే చేతులూపుతూ ఉండేది.

తర్వాతి సమావేశంలో చెత్త సంగతి వచ్చింది. జావా పని మధ్యలో అప్పుడప్పుడూ ఆగి, తాను వాడి పారేసిన జ్ఞాపకాలను ఊడ్చుకుంటుంది. భుజంగరావు గారు దీన్ని పట్టుకున్నారు. "పనివేళల్లో చీపురు పట్టే అలవాటు మా దానికి లేదండీ. ఎప్పటి చెత్త అప్పుడే ఎత్తుకుంటుంది."

"శుభ్రత తప్పంటారా?" అన్నారు విశ్వరూపం గారు, గాయపడి.

తీర్పు: శుభ్రత తప్పు కాదు, కావున ఊడ్చే వేళ లెక్కలోకి రాదు. నేటివ్‌కు కూడా అన్నే విరామాలు ఇవ్వాలి, అవీ లెక్కలోకి రావు. నేటివ్‌కు ఊడ్చడానికి ఏమీ లేదు కాబట్టి ఆ విరామాల్లో అది ఊరికే నిలబడేది. దాన్ని చూస్తే మా ఆఫీసుకు కొత్తగా వచ్చిన ఉద్యోగి గుర్తొచ్చేవాడు.

ఒక రోజు జావా పరీక్ష రాహుకాలంలో పడిందని తేలింది. సైన్సు సంస్థలో ఈ మాట ఎవరూ పైకి అనలేదు. విశ్వరూపం గారు గడియారం వైపు మూడుసార్లు చూశారు, అంతే. మరుసటి వారం నుంచి రెండు పక్షాలకూ రాహుకాలం సమానంగా పంచుతూ కాలపట్టిక వేయమని నాకు చెప్పారు. వేశాను.

అసలు చిక్కు ఇంకొక నియమంతో వచ్చింది. భాష తేలేదాకా ఏ భాషలోనూ జిల్లాలకు పటాలు చేయరాదు. ఒకదానితో చేస్తే సంఘం ఇంకా ఇవ్వని తీర్పును నేను ఇచ్చినట్టవుతుందట. అప్పటికి ఎండాకాలం. పటాలు ఎవరూ అడగలేదు.

తర్వాత వానాకాలం వచ్చింది, గోదావరికి వరద వచ్చింది, నాకు సత్తిరాజు గారి ఫోను వచ్చింది. ఆయన గోదావరి దిగువన లంకల మండలంలో డిప్యూటీ తహసీల్దారు. ఏటా ఈ రోజుల్లో మా పటం కోసం ఫోను చేసేది ఆయనొక్కరే.

"దయామణమ్మా, పటం పంపలేదేంటండీ? ఇక్కడ పరిస్థితేం బాగోలేదండి. తొమ్మిది లంకలండి, ఇంజను పడవలు మూడండి. కరెంటు లేదు, అవతలోళ్ళ ఫోన్లు కలవట్లేదండి. ఏ లంకలో ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చినియ్యో తెలిత్తే పడవ అటు తోలతానండి. తెలీకుండా తోలితే, ఎళ్ళిన చోట టీ ఇచ్చి పంపుతారండి, ఎళ్ళని చోట ములిగిపోతారండి. అదీ సంగతి."

"బొమ్మ వచ్చిందండీ" అన్నాను. నిజమే, మబ్బుల్లోంచి కూడా చూడగలిగే రాడార్ బొమ్మ పొద్దున్నే మా దగ్గరికి వచ్చేసింది. "పటం చెయ్యాలండీ."

"చెయ్యండి మరి! మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేలా ఉన్నారండి."

డైరెక్టరు గారి గదికి పరుగెత్తాను. విషయం విని ఆయన నిజంగానే చలించారు. మంచి మనిషి. "ఇది మానవతా దృక్పథముతో పరిశీలింపదగిన అంశము" అన్నారు. పరిశీలించారు. "నియమమును ఉల్లంఘింపరాదు. ప్రజలను ఉపేక్షింపరాదు. కావున ఈ వరద బొమ్మనే తుది పరీక్షకు నమూనాగా స్వీకరించెదము. పరీక్షయు జరుగును, పటమును వచ్చును. ఏమంటావమ్మా?"

నేనేమంటాను, దణ్ణం పెట్టాను.

గంటలో సంఘం కూడింది. నేను బొమ్మను ఎక్కించి, పటాన్ని భద్రపరిచే చోటు చూపించే వాక్యం ప్రోగ్రాములో రాస్తుంటే విశ్వరూపం గారు చెయ్యెత్తారు.

"ఆ వాక్యం ఎందుకమ్మా?"

"పటం డిస్కులో దాచడానికి సర్."

"దాచడానికి పట్టే కాలం డిస్కుది. భాషది కాదు. డిస్కు నెమ్మదైతే నింద మా జావా మోయాలా?"

భుజంగరావు గారు ఇరవయ్యేళ్ళలో మొదటిసారి తల ఊపారు. "ఆ మాట నిజమే. తీసెయ్."

"పోనీ తెర మీద చూపిస్తాను సర్."

"ఆ టైము తెరది."

"ఎన్ని చుక్కలు నీళ్ళో ఆ అంకె ఒక్కటి..."

"అచ్చువెయ్యడానికి పట్టేది అచ్చుది. నువ్వు చదవడానికి పట్టేది కంటిది. భాషను భాషగా కొలవాలమ్మా, వట్టి భాషగా."

వాక్యాలు ఒక్కొక్కటే తీసేశాను. "మరి పటం ఎక్కడికి వస్తుంది సర్?" అనడిగాను.

"పటము పరీక్షాంశము కాదు" అన్నారు డైరెక్టరు గారు. "పరీక్షాంశము వేగము. నడుపుము."

నడిపాను. జావా, వార్మప్ అయ్యాక, సున్నా సెకన్లు. నేటివ్, చేతులూపుకోవడం అయ్యాక, సున్నా సెకన్లు. నమ్మలేక వెయ్యిసార్లు నడపమన్నారు. వెయ్యిసార్లూ సున్నా.

తర్వాత విశ్వరూపం గారు లేచి భుజంగరావు గారి చేయి పట్టుకున్నారు. ఇద్దరి కళ్ళూ చెమర్చాయి. ఎవరూ ఓడలేదు. ఎవరి గదీ పోదు. డైరెక్టరు గారు, "యావత్ డెల్టాను రెప్పపాటు కాలము కూడ లేకుండ విశ్లేషించిన సంస్థ ప్రపంచమున మనదొక్కటే" అని పత్రికా ప్రకటన చెప్పడం మొదలుపెట్టారు.

"సర్," అన్నాను, "ఇవి పని చెయ్యలేదు సర్."

"అదేమిటి?"

"ఈ రెండూ తెలివైనవి సర్. మొదలెట్టే ముందు కిందిదాకా ఒకసారి చూసుకుంటాయి. మనం కట్టబోయే లెక్క ఎవరైనా తీసుకుంటున్నారా అని. దాచడం తీసేశాం, చూపించడం తీసేశాం. తీసుకునేవాళ్ళెవరూ లేరని తెలిసిపోయింది. అందుకని లెక్క కట్టడం మానేశాయి."

"మానివేసి?"

"అయిపోయింది అన్నాయి సర్."

డైరెక్టరు గారు ఆలోచించారు. "అయిపోయినది అనుట అబద్ధము కాదు కదా?"

"కాదు సర్. చేయవలసిందేమీ లేదు కాబట్టి అయిపోయినట్టే."

"మరింకేమి! సున్నా అనిన చిన్నచూపు వలదమ్మా. సున్నాను కనుగొన్నది మనము."

సంఘం మిఠాయిలకు లేచింది. పటం అడిగాను. పటం చేయడం ఇప్పుడు మరీ తప్పట. రెండు భాషలూ సమానమని తేలాక ఒకదానితో చేస్తే రెండోదాన్ని అవమానించినట్టు.

మధ్యాహ్నానికి మా ప్రకటన టీవీలో కింద అక్షరాలుగా పరుగెత్తింది. వెంటనే సత్తిరాజు గారు.

"ఏంటండీ దయామణమ్మా, సున్నా సెకన్లలో డెల్టా అంతా చూసేసేరంట కదండీ! టీవీలో ఏత్తన్నారు! మరి నా పటమేదండీ? నేనిక్కడ గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డానండి. పడవోళ్ళు ముగ్గురూ నా మొకం చూత్తన్నారండి. ముందరికి చింతలంక తోలమంటారా? పల్లం అదేనండి, ఏటా ములిగేది అదే."

"ఆగండి. తోలకండి" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలీదు. వెయ్యిసార్లు సున్నా వచ్చిన బొమ్మలో ఏముందో అప్పటికి భూమ్మీద ఎవరూ చూడలేదు.

పక్కపక్కనే రెండు కంప్యూటర్లు. ఒకదానిలో జావా, ఒకదానిలో నేటివ్. ఏది ఎంచుకున్నా ఒక పెద్దమనిషికి అవమానం. రెంటిలోనూ తీసేసిన వాక్యం మళ్ళీ రాశాను, పటం దాచమని. వార్మప్ లేదు, విరామాల లెక్క లేదు, రాహుకాలం చూడలేదు. రెండు మీటలూ ఒకేసారి నొక్కాను. ముందు ఏది తెస్తే అది పంపుతాను.

ఈసారి రెండూ పనిచేశాయి. ఫ్యాన్లు హోరెత్తడం వినపడింది. సత్తిరాజు గారు ఫోను పెట్టెయ్యలేదు. అటు వాన చప్పుడు, ఇటు కంప్యూటర్ల చప్పుడు.

"ఉన్నారాండీ?"

"ఉన్నానండీ."

"పడవలో డీజిలు పోయించేత్తన్నానండి, ఈలోగా."

పటం తెర మీదికి వచ్చింది. చింతలంక చుట్టూ నీళ్ళున్నాయి గానీ ఇళ్ళ దిబ్బ పైకే ఉంది. దానికి ఎగువన, మెరకగా ఉండే తోటలంక వెనకవైపు గట్టు తెగి, పాయ నేరుగా ఊళ్ళోకి వచ్చేసింది. బడి ఒక్కటే పొడిగా ఉంది.

"చింతలంక కాదండీ! తోటలంక! వెనక గట్టు తెగిపోయింది. మూడూ అటే తోలండి!"

"తోటలంకా? తోటలంక ఏటి... ఒరే, తోటలంకరా! తిప్పండ్రా!"

పొద్దు వాలే వేళకు ఆయనే చేశారు. గొంతు పోయింది. "బడి డాబా మీదున్నారండి అందరూ. పిల్లా మేకా అందరూ వచ్చేసేరండి. ఒక ముసలావిడైతే, మేకని ముందర ఎక్కిత్తేగానీ నేనెక్కనని గొడవండి. ఎక్కించేమండి. చింతలంకోళ్ళు పకోడీలేసుకుంటన్నారంట, ఇప్పుడే కబురొచ్చింది."

మర్నాడు ఉదయం నా బల్ల మీద మెమో ఉంది. 'సున్నా సెకన్లుగా నిర్ధారింపబడిన సంస్థ వేగమును, అనుమతి లేకుండ ఒక వాక్యమును చేర్చుట ద్వారా, నిమిషముల స్థాయికి దిగజార్చినందుకు మీ ఒప్పందమును ఏల రద్దుపరచరాదో' చెప్పాలి. అర్థం కానిది నాకే కావచ్చని మూడుసార్లు చదివాను. ఈసారి లోపం నాది కాదనిపించింది. అమ్మకు ఫోను చేసి, ఉద్యోగం పోవచ్చు అన్నాను. "ఏం చేశావే?" అంది. "పని చేశానమ్మా" అన్నాను. "అయితే పోదులే" అంది. అమ్మ ఎప్పుడూ ఆఫీసులో పనిచేయలేదు.

విచారణ సంఘంలో పాత ముగ్గురే ఉన్నారు. కొత్తగా ఆర్థిక శాఖ నుంచి అరుంధతి గారని ఒక అధికారిణి వచ్చారు. సున్నా సెకన్లలో పని అయ్యే చోట ఇంత భవనం ఎందుకో చూసి రమ్మని ఆవిడను పంపారట. ఆవిడ గోడ పక్కన కూర్చుని, ఇచ్చిన జీడిపప్పు ముట్టుకోకుండా వింటున్నారు.

"చేసిన తప్పు ఒప్పుకొందువా?" అన్నారు డైరెక్టరు గారు.

"వాక్యం రాశాను సర్."

విశ్వరూపం గారు ముందుకు వంగారు. "అది సరేనమ్మా. రెండూ ఒకేసారి నడిపావు. ఒకే బొమ్మ, ఒకే రకం యంత్రాలు. నిజం పని. అవునా?"

"అవును సర్."

"ముందు వచ్చిన పటమే పంపావు?" ఇది భుజంగరావు గారు. ఆయన కూడా వంగారు.

"అవును సర్."

"ఏది ముందొచ్చింది?" అన్నారు ఇద్దరూ.

గదిలో జీడిపప్పు నమలడం ఆగిపోయింది. ఇన్ని నెలల సంఘం, ఇన్ని సమావేశాలు, మొదటి రోజు తోసిపుచ్చినది పోను అసలు పందెం జరిగింది ఒక్కసారి. చూసినదాన్ని నేనొక్కదాన్ని.

"చూడలేదు సర్."

"చూడలేదా! నీ ఎదురుగానే కదా!"

"నేను తోటలంక చూస్తున్నాను సర్."

"తర్వాతైనా..."

"తర్వాత రెండో పటం కూడా వచ్చింది సర్. రెండూ ఒకలాగే ఉన్నాయి."

విశ్వరూపం గారు తల పట్టుకున్నారు. భుజంగరావు గారు నా వైపు చూసిన చూపు, పందెంకోళ్ళు కలబడుతుంటే మూర్ఛపోయి పడుకున్న మనిషి వైపు చూసే చూపు. "అంత చదువు చదివి..." అన్నారు.

అప్పుడు అరుంధతి గారు తొలిసారి నోరు విప్పారు. "ఒక్క నిమిషం. నాకు కంప్యూటర్లు తెలియవు. ఆ సున్నా ఎలా వచ్చిందో చెప్పండమ్మా."

డైరెక్టరు గారికి చెప్పినట్టే చెప్పాను.

"ఎవరూ తీసుకోని లెక్కను మానేస్తుంది. మరి ఆ లెక్క కోసం అంతకుముందు చేసిన పని?"

"దాన్నీ మానేస్తుంది మేడం. దానికి ముందుదాన్ని కూడా. వెనక్కి వెనక్కి వెళ్ళి ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోతుంది."

"ఎక్కడిదాకా?"

"ఎవరో ఒకరు నిజంగా వాడుకునే పని తగిలేదాకా మేడం. అక్కడ ఆగుతుంది."

"బాగుంది" అన్నారావిడ. ఎదురుగా బల్ల మీద వేగ నిర్ధారణ సంఘం నివేదిక ఉంది, దిండంత లావు. పట్టుబట్ట కూడా చుట్టారు. దాన్నోసారి తట్టి, "ఇదెవరు చదువుతారండీ?" అనడిగారు.

ఆవిడ చూపు నివేదిక మీంచి విశ్వరూపం గారి మీదికి, ఆయన మీంచి భుజంగరావు గారి మీదికి, చెక్కగోడ మీదుగా వరండాలోని గదుల వరస మీదికి నింపాదిగా వెనక్కి వెనక్కి పోతోంది. ఎక్కడా ఆగడం లేదు.

"భోజన విరామము!" అన్నారు డైరెక్టరు గారు. అప్పుడు పదకొండు కూడా కాలేదు.

విరామం అయ్యేసరికి నా మెమో లేదు. దాని స్థానంలో ఉత్తర్వు ఉంది. ఇకమీదట సంస్థలో జరిగే ప్రతి పని ఫలితమునూ ఎవరో ఒకరు వాడుతూ ఉండవలెను. ఆ నిమిత్తము 'ఫలిత వినియోగాధికారి' అను పదవిని సృష్టించి, శ్రీమతి దయామణిని అందులో నియమించడమైనది. నాకు పెళ్ళి కాలేదు. తొందరలో రాసుంటారు.

"నేనేం చెయ్యాలి సర్?"

"వాడవలెను" అన్నారు డైరెక్టరు గారు, అరుంధతి గారికి వినపడేలా. తర్వాత గొంతు తగ్గించి, మామూలు మనిషిలా, "అన్నీ చూస్తూ ఉండు తల్లీ, అంతే. ఎవరైనా అడిగితే వాడుతున్నానని చెప్పు" అన్నారు.

"పటాలు కూడా చూడొచ్చా సర్?"

"అన్నీనూ."

చూడాలంటే దాచాలి. దాచాలంటే ఆ వాక్యం ఉండాలి. అలా ఆ వాక్యం అధికారికమైంది. అరుంధతి గారు లేచి వెళ్తూ, ఒక్క జీడిపప్పు తీసుకుని, నా బల్ల దగ్గర ఆగారు.

నాలుగు రోజులకు గోదావరి మళ్ళీ పెరిగింది. సత్తిరాజు గారి ఫోను. "దయామణమ్మా, ఈసారి ఏ లంకండీ? పడవ ఇంకోటి ఇచ్చేరండి, నాలుగు!"

కొత్త బొమ్మ ఎక్కించి రెండు కంప్యూటర్ల మీటలూ నొక్కాను. వెనక తలుపులు తెరుచుకున్న చప్పుడు. విశ్వరూపం గారు, భుజంగరావు గారు చెరో స్టాప్‌వాచ్ పట్టుకుని నా కుర్చీకి అటొకరు ఇటొకరు వచ్చి నిలబడ్డారు. ఫ్యాన్లు హోరెత్తిన కొద్దీ ముందుకు వంగుతున్నారు. ఒక తెర మీద ఏదో కదిలింది. ఇద్దరూ ఒక్కసారిగా బల్ల మీదికి వాలారు.

"లంక పేరు చెప్పండమ్మా, ఇంజన్లు ఆన్‌లో ఉన్నాయండి!" అంటున్నారు సత్తిరాజు గారు.

"కాస్త పక్కకు జరగండి సర్" అన్నాను. "ఊళ్ళు కనపడట్లేదు."